గడువు దాటిన మాత్రలు

"అమ్మీ, ఈ మాత్రలకు తేదీ యాడిదాకా ఉండాదో సూసి చెప్తావా?"

పెనుకొండలో రైలెక్కిన ముసలామె, ఎదుటి బల్ల మీద కూర్చుంటూనే మాత్రల అట్ట చాచింది.

హేమావతి అప్పుడే తన మాత్ర మింగి నీళ్ల సీసాకు మూత బిగిస్తోంది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, సెలైన్‌లో మందులెక్కించడమూ అయింది. ఇక ఐదేళ్లపాటు రోజూ ఈ ఒక్క మాత్ర. హిందూపురం ఆసుపత్రిలో వాటిని ఇచ్చేది నెలకోసారి, రెండో శనివారం. ఆ రోజు ధర్మవరం నుంచి ఒంటరిగా పోయి వస్తుంది.

ముసలామె చేతిలోని అట్టా ఆ మాత్రదే. ఒక్కటీ వాడలేదు.

"తేదీ దాటి నాలుగేండ్లాయె కదవ్వా! ఇంకా ఎందుకు పెట్టుకున్నావు? పారెయ్."

"నాకు చూపానదు తల్లీ. నీ అట్లా సదువుకున్నోళ్లు చెప్తే కదా తెలిసేది."

మరుసటి నెల మళ్లీ ఎదురైంది. మళ్లీ ఒక అట్ట.

"పోయిన నెలనే చెప్తి కదవ్వా?"

"ఇది వేరేదమ్మీ. ఇందులో కింద సన్నంగా ఏమో రాసినారు, అది సదువు."

మూడో నెల హేమావతి అట్టను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అక్షరాలు అలుక్కుపోయాయి. వెలుగు చుట్టూ పొగలాంటి వలయం. వంచి చూసింది, దూరం పెట్టి చూసింది.

"అద్దాలు ఇంట్లో మర్చిపోయినానవ్వా."

"ముక్కు మీదనే ఉండాయి కదమ్మీ."

హేమావతి చెయ్యి అప్రయత్నంగా ముక్కు మీదికి పోయింది. పక్క బల్ల మీదివాళ్లు కిసుక్కున నవ్వారు.

ముసలామె నవ్వలేదు. గొంతు తగ్గించి అంది. "కండ్ల డాక్టరుకు సూపిచ్చుకో. ఈ మాత్ర మింగుతాండానని కూడా చెప్పు. అట్లని నీ అంతట నువ్వు మాత్ర మానొద్దు."

"నా కండ్లకేమైంది? నీ కండ్ల సంగతి నువ్వు చూసుకోపో!"

పెట్టెలో అందరూ తిరిగి చూశారు. ముసలామె అట్టను సంచిలో వేసుకుంది.

హేమావతి కోపం వెనక ఉన్నది భయం. ధర్మవరంలో ధనుంజయ పట్టుచీరల కొట్టుకు నేతగాళ్లు తెచ్చిన ప్రతి చీరనూ విప్పి, పరిచి, లోపముంటే వేలు పెట్టి చూపడం ఇరవై ఏళ్లుగా ఆమె పని. జబ్బు పేరు విన్న తర్వాత ఇంటికి వచ్చేవాళ్లు తగ్గారు. భర్త పోయిన ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచే గొంతే లేదు. కొట్టులో మాత్రం ఇప్పటికీ "హేమక్కా, ఇది చూడు" అనేవారు. చూపు మందగించిందని తెలిస్తే ఆ పిలుపూ ఆగిపోతుంది.

ఆ తర్వాతి నెల నుంచి ఆమె చిట్టచివరి పెట్టె ఎక్కసాగింది. పెనుకొండ ప్లాట్‌ఫారం మీద ముసలామె ఒక్కో కిటికీలోకీ తొంగి చూస్తూ రావడం రెండు నెలలు గమనించింది. రెండుసార్లూ కొంగు తల మీదికి లాక్కుని మొహం తిప్పుకుంది.

తరువాత ముసలామె కనిపించలేదు. పీడ విరగడైందనుకుంది.

ఏడాది తిరిగాక పెళ్లిళ్ల కాలంలో ధనుంజయ ఒక చీర తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అక్కా, ఇది నువ్వే చూసి పంపినావా?"

"అవునప్పా."

"సగం చీర ఒక నీలం, సగం ఇంకో నీలం. పెండ్లివాళ్లు నలుగుర్లో పరిచి అడిగినారు."

హేమావతి చీరను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. ఆమెకు చీరంతా ఒకటే మట్టినీలం.

ధనుంజయ కేకలేయలేదు. "కొన్నాళ్లు ఇంటికాడ ఉండక్కా," అన్నాడు.

కళ్ల డాక్టరు చాలాసేపు పరీక్షించాడు.

"రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి. అవి తీసేస్తాం. కుడికంటి లోపలి పొర కూడా నడిమధ్య దెబ్బతింది, ఆ చూపు పూర్తిగా తిరిగి రాదు. ఏం మందులు వాడుతున్నారు?"

ఆమె మాత్ర పేరు చెప్పింది.

"చాలామందికి దీనివల్ల ఏమీ కాదు. మీకు దీనివల్లే అయిందని కూడా ఖాయంగా చెప్పలేను. కానీ మసక మొదలైనప్పుడే వచ్చి ఈ పేరు చెప్పుంటే, మీ క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడి ఏదో ఒక దారి చూసేవాళ్లం."

ఎడమకంటికి ఆపరేషన్ అయిన రెండో నెలలో, హిందూపురం పోతూ హేమావతి పెనుకొండలో దిగింది. టీ అంగడి నరసప్పను అడిగింది.

"చూపు ఆనని అవ్వ ఒకామె రెండో శనివారాలు ఈడ రైలెక్కేది. తెలుసా అప్పా?"

"ఉలిగమ్మవ్వనా? ఆయమ్మకు చూపానకపోవడమేంది! పొద్దున్నే ఈ బెంచీ మీద కూచోని మాకందరికీ పేపరు సదివి ఇనిపిస్తా ఉండె. మొన్న ఎండాకాలంలో పోయిందమ్మా."

హేమావతి ఆ బెంచీ మీదే ఒక కొసన కూర్చుంది.

"మరి హిందూపురంలో ఏం పని ఆమెకు?"

"ఏం పనీ లేదు. ఆడ దిగేది, ఎదురు రైలుకు తిరిగొచ్చేది."

"ఆ మాత్రల అట్టలు?"

నరసప్ప పొయ్యి మంట తగ్గించాడు.

"కూతురివమ్మా. రొమ్ములో క్యాన్సరు. చూపు మసకైతా ఉంటే తల్లికి కూడా చెప్పకుండా దాచిపెట్టె. కడాకు కండ్లు పోతాయని మాత్రలే మానేసె, జబ్బు తిరగబెట్టి పాయె. 'ఒక్కనాడన్నా ఏదో ఒకటి సదివి పెట్టమని అడిగింటే, నా బిడ్డ కండ్ల సంగతి అప్పుడే తెలిసిపోతా ఉండె నరసప్పా' అని, ఆ మిగిలిన అట్టలు సంచిలో ఏసుకోని రైలెక్కేది."