పుట్టినరోజు సైరన్

మా మనవడు విల్సన్‌కు లోకంలోని పుట్టినరోజులన్నీ ఫోన్‌లో వచ్చి పడతాయి. పొద్దున నేను కాఫీ తాగకముందే వాటిని చదివి వినిపిస్తాడు, నేనేదో పరీక్షకు కూర్చున్నట్టు.

"అవ్వా, ఈ దినం శానా స్పెషల్! యాడనో ఒక దేశానికి స్వతంత్రం వచ్చింది, ఎవరో మొదటిసారి విమానం నడిపినారు, మా హీరో పుట్టినాడు!"

"మన కేజీఎఫ్‌లో ఏం జరిగిందిరా?"

"ఈడ ఏం జరుగుతాదవ్వా!" అని నవ్వి వెళ్లిపోయాడు. వాళ్ల తాతను ఫోటోలో తప్ప ఎరగడు. హీరోగారి చెప్పుల సైజు మాత్రం అడక్కుండానే చెప్తాడు.

కూరకు వంకాయలు తరుగుతుంటే సైరన్ కూసింది. మా కోలారు బంగారు గనుల కాలనీలో వేళ కాని వేళ సైరన్ కూస్తే గనిలో ప్రమాదమని అర్థం. గని మూతపడి పాతికేళ్లయిందన్న సంగతి నా కాళ్లకు గుర్తు రాలేదు. తరుగుతున్న వంకాయ చేతిలో ఉండగానే, చెప్పుల్లేకుండా గని గేటు దాకా పరుగెత్తాను. నా ఈడు ముసలమ్మలంతా అప్పటికే అక్కడ ఉన్నారు.

గేటు ముందు హీరో కటౌట్, దాని కింద కేకు, పక్కన అద్దెకు తెచ్చిన సైరన్. విల్సన్ మమ్మల్ని వీడియో తీస్తున్నాడు.

"చూడవ్వా, మా హీరో పుట్టినదినమంటే ముసలోళ్లు కూడా ఉరికొచ్చినారు!"

"మీ తాత ఈ గనిలో చచ్చిపోయిన దినం కూడా ఇదేరా," అన్నాను. "ఆ పొద్దు కూడా సైరన్ ఇని అందరం ఇట్లే ఉరికొచ్చినాము. కేకొకటే లేకపోయె."