వాగు దాటని బాణం

"ఆ తడి దుప్పటి తీసి ఇంకెక్కడైనా ఆరెయ్యవే. విల్లుకి చెమ్మ తగులుతుంది," అన్నాడు ఇడ్వల్, లోపలికి వస్తూనే.

అతని భార్య నెస్టా దుప్పటిని పొయ్యికి ఇవతలి దండెం మీదకి మార్చింది. "తగిలితే పడిశం పడుతుందా దానికి? నేను మొన్నట్నించీ దగ్గుతున్నాను. ఒక్కసారైనా అడిగావా?"

"నువ్వు దగ్గితే తేనె నాకుతావు. అది దగ్గితే ఏం నాకుతుంది?"

అంటూనే విల్లుని పసిపిల్లలా ఒళ్లో పడుకోబెట్టుకుని, మైనం కుండ మూత తీశాడు.

ఆ విల్లు ఇడ్వల్ వాళ్ళ నాన్నది. మనిషికంటే జానెడు పొడుగు, ఎల్మ్ చెట్టు కర్రతో చేసింది. దాంతో ఆయన ఒకసారి కోట తలుపు మీదకి బాణం వేస్తే, అది తలుపు చీల్చుకుని, వెనకున్న కాపలావాడి టోపీ ఎగరేసుకుపోయి, వాడి పొయ్యి మీద కుండలో ఉడుకుతున్న మాంసానికి గుచ్చుకుందని గ్వెంట్ లోయంతా చెప్పుకుంటారు. ముక్క ఉడికిందో లేదో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ లోయలో వాన పడని రోజు వస్తే పాదిరిగారు దాన్ని పండగలో కలిపేస్తారు. అందుకే చెమ్మకి మెత్తబడకుండా ప్రతి ఇంట్లోనూ విల్లుకి తేనెమైనం, గొర్రెకొవ్వు కలిపి కరిగించి పూస్తారు. పూసి, నారి విప్పి, ఉన్ని తొడుగులో పెడతారు. ఇడ్వల్‌కి ఈ ఏడు ఆ జాగ్రత్త మరీ ఎక్కువైంది. కారణం ఉంది. శనివారం రాజుగారి సర్దారు వస్తున్నాడు, ఫ్రాన్సు యుద్ధానికి విలుకాళ్ళని ఏరుకోవడానికి.

ఏరడం చాలా తేలిక. చర్చి గోడ దగ్గర నిలబడి బాణం వెయ్యాలి. అది పిండిమర పక్కనున్న వాగు దాటితే ఫ్రాన్సు, దాటకపోతే ఇల్లు. అసలు వెయ్యనే వెయ్యనన్నవాడి సంగతి వేరు. వాడి మనవలు పెళ్ళికెళ్ళినా అక్కడ వాడి పిరికితనమే ముందు వడ్డిస్తారు.

నెస్టా వాళ్ళ అన్న వేసిన బాణం వాగు దాటింది. మరుసటి ఏడు అతని నడుంపట్టీ ఒక్కటే తిరిగొచ్చింది.

ఇడ్వల్‌కి అదేమీ పట్టినట్టు లేదు. పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. పాత పూత మీద కొత్త పూత పట్టదని, తండ్రి నాటి నుంచీ ఉన్న మైనమంతా కత్తితో గీకేసి కర్రని నున్నగా చేశాడు. కొత్త కుండ ఒకటి తెచ్చి, రోజూ సాయంత్రం గుడ్డ ముంచి, పైనుంచి కిందకి తీరిగ్గా రుద్దుతున్నాడు. ఆ కుండని ఆమెని ముట్టుకోనివ్వడు. నీ చేతి మసి పడితే పూత చెడుతుందంటాడు. ఏటా కొవ్వు వాసనకి మైనం కుండ చుట్టూ తిరిగి తన్నులు తినే పిల్లి కూడా, ఈసారి పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. దాన్ని కూడా ఎంతలా బెదిరించాడో అనుకుంది నెస్టా.

ఆమె పని ఆమెకీ ఉంది. తెల్లారి ఇడ్వల్ గొర్రెల దగ్గరకి వెళ్ళగానే, తొడుగులోంచి విల్లు తీసి, తడిగుడ్డతో ఈ కొస నుంచి ఆ కొస దాకా బాగా తుడిచి, మళ్ళీ యథాప్రకారం పెట్టేసేది. మొదటిరోజు రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి చూసొచ్చింది. తర్వాత అలవాటైపోయింది. పాత మైనం గీకెయ్యడం తన అదృష్టమే అనుకుంది. ఒక్కటే ఆశ్చర్యం. ఎప్పుడు తీసినా కర్ర చల్లగా, తేమగా ఉండేది. నిన్న తను పెట్టిన తడి ఇంకా ఆరలేదంటే, ఎల్మ్ కర్రకి ఇంత దాహమా అనుకునేది.

శనివారం వచ్చింది. పక్కింటి గ్రోనో బాణం వాగు దాటి, మర పక్కన నిద్రపోతున్న బాతుని లేపింది. గ్రోనో గంతులు వేశాడు. వాళ్ళమ్మ మాత్రం శాలువా అంచు నోట్లో కుక్కుకుంది.

తర్వాత ఇడ్వల్ నిలబడ్డాడు. నారి లాగితే విల్లు ముసలి గొర్రెలా మూలిగింది. బాణం తీరుబడిగా లేచి, పోదామా వద్దా అని ఆలోచించుకుని, వాగు నడిమధ్య బుడుంగుమంది.

సర్దారు విల్లు అందుకుని గోరుతో నొక్కి చూశాడు. "ఇది విల్లా, ఉడకబెట్టిన ఉల్లికాడా?" అన్నాడు. జనం విరగబడి నవ్వారు.

"వీళ్ళావిడ దీని మీద బట్టలు ఆరేస్తుంది దొరా," అన్నాడు గ్రోనో.

విల్లు చెడితే ఇంటి ఇల్లాలిని అనడం అక్కడి రివాజు. అందరూ నెస్టా వైపు తిరిగారు. ఆమె తల వంచుకుంది.

"దాన్నేమీ అనకండి," అన్నాడు ఇడ్వల్. "విల్లుకి ఏం పూసినా నా చేత్తోనే పూశాను."

ఆ మాటతో నెస్టా ప్రాణం చివుక్కుమంది. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటిదాకా అతను ఆమెకి రెండడుగులు ముందే నడిచాడు. వచ్చాక కూడా లోపలికి రాకుండా, గొర్రెల దొడ్డి గోడకి మొహం ఆనించి నిలబడ్డాడు. భుజాలు అదురుతున్నాయి.

ఆమె ఇక ఓర్చుకోలేకపోయింది. చేసిందంతా చెప్పేద్దామనుకుంది. కొట్టినా పడదామనుకుంది. అంతకుముందు వాళ్ళ నాన్న విల్లునైనా బాగుచేసి చేతిలో పెట్టాలి. దాన్ని పొడిగుడ్డతో తుడిచి, సెగ దూరంగా తగిలేచోట నిలబెట్టి, దళసరిగా మైనం పూద్దామని అటక మీంచి కుండ దింపి, మొదటిసారి మూత తీసింది.

కుండ నిండా నీళ్ళు.