గడప దాటని మనిషి

"మాకేం వద్దండీ" అంటూ ఆమె తలుపు వేసెయ్యబోయింది. బయట నిలబడ్డ మనిషి గబుక్కున తలుపుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క నిమిషం తల్లీ. బాల్కనీకి గ్రిల్ వేయించుకోండి. గట్టి ఇనుము. నేనే దగ్గరుండి బిగించి పెడతాను."

అతని చంకలో పాత దుప్పటి గుడ్డలో చుట్టిన గ్రిల్ ముక్క ఉంది. ఇస్త్రీ చొక్కా, తుడిచిన బూట్లు. చేతులు చూస్తే ఇనుము పని చేసేవాడివిలా లేవు. కలం తప్ప ఇంకోటి పట్టుకున్నట్టు లేడు.

ఆమెకి ఒళ్ళు మండింది. ఈ ఫ్లాట్లో దిగి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే ఎంతమంది వచ్చిపోయారో! మొన్నటికి మొన్న వాక్యూమ్ క్లీనర్ వాడు, ఎలా పనిచేస్తుందో చూపిస్తానని తివాచీ మీద గుప్పెడు బూడిద గుమ్మరించాడు. తీరా మిషను మొరాయించింది. వాడు నవ్వుకుంటూ దిగి వెళ్ళిపోయాడు, ఆ బూడిద ఎత్తేసరికి ఆమె నడుం పడిపోయింది. అంతకుముందు నీళ్ళ ఫిల్టరు వాడు ఆమె భర్తకి శుభ్రంగా కుచ్చుటోపీ పెట్టాడు. ఆ దెబ్బతో భర్తకి జ్ఞానోదయం అయింది. ఆఫీసుకి వెళ్తూ రోజూ ఇదే పాఠం: "ఎవరినీ ఊరికే నమ్మకు. అడ్రసు అడుగు. అంతకుముందు పనిచేసిన ఇల్లు చూపించమను."

అయితే గ్రిల్ అవసరమే. పాపకి కొత్తగా నడకొచ్చింది. ఇంటి ఓనరుని అడిగితే "చూద్దాం లెండి" అని దాటేస్తున్నాడు. అందుకే ఆమె కాస్త మెత్తబడింది.

"సరే, రండి. ముందు కొలతలు తీసుకోండి."

అమ్మేవాళ్ళెవరైనా ఆ మాట కోసమే కాచుకుని ఉంటారు. ఇతను మాత్రం ఒక కాలు ఎత్తి, గడప మీద పెట్టబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"వద్దమ్మా. కొలతలు నా దగ్గరున్నాయి."

"మీ దగ్గరెలా ఉన్నాయి?"

అతను చంకలోని గ్రిల్ ముక్కని సర్దుకున్నాడు.

"కార్డుందా?"

"లేదమ్మా."

"పోనీ, షాపెక్కడ?"

"షాపేం లేదు. వెల్డింగ్ చేసే అతనితో మాట్లాడి ఉంచాను."

"అడ్వాన్స్ ఎంతివ్వాలి?"

"అడ్వాన్సేం వద్దు. పనయ్యాక మీ ఇష్టం. అసలు ఇవ్వకపోయినా ఫరవాలేదు."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఉచితంగా ఇస్తానన్నవాడే మొదట ముంచుతాడని భర్త మరీ మరీ చెప్పాడు. "ఇంతకుముందు మీరు చేసిన ఇల్లు ఒక్కటి చెప్పండి. మావారు వెళ్ళి చూసొస్తారు."

"చెయ్యలేదమ్మా" అన్నాడతను. "ఎక్కడా చెయ్యలేదు."

అంతలో లోపలినుంచి పాప తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి అమ్మ మోకాళ్ళని వాటేసుకుంది. అతని మొహంలో రంగు మారిపోయింది. ముందుకి చాపిన చెయ్యి సగంలో ఆపేసి జేబులో దాచుకున్నాడు.

"నడక ఎప్పుడొచ్చిందమ్మా?"

"మీకెందుకు?"

"ఆ ఊచల మధ్య సందు చాలా ఎక్కువ తల్లీ. పిల్లలకి తెలియదు. మనం వంటింట్లో ఉంటాం, పాలు పొంగుతాయేమోనని ఇలా తిరుగుతాం, ఈలోగా..."

"లోపలికి అడుగే పెట్టలేదు, మా బాల్కనీ ఊచల సంగతి మీకెలా తెలిసింది?"

జవాబు కోసం ఆగలేదు. పాపని వెనక్కి లాగి, ధడాలున తలుపేసి, గొళ్ళెం పెట్టి, ఇంటర్‌కమ్‌లో వాచ్‌మన్‌ని పిలిచింది.

తలుపు అవతలినుంచి సన్నగా మాటలు వినిపించాయి. "నా దగ్గర వద్దమ్మా. ఎవరితోనైనా చేయించుకోండి. కానీ తొందరగా చేయించుకోండి."

ఆమె తలుపు కన్నానికి కన్ను ఆనించింది. వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చాడు. కాలరు పట్టుకుని ఈడ్చుకుపోతాడనుకుంది. కానీ వాచ్‌మన్ ఆ మనిషి చంకలోని గ్రిల్ ముక్కని మెల్లగా తీసి తన చంకలో పెట్టుకున్నాడు. "రండి సార్, కిందికి పోదాం" అని ఆ మనిషి చెయ్యి పట్టుకుని, జబ్బుమనిషిని దింపినట్టు ఒక్కో మెట్టే దింపుకుంటూ తీసుకెళ్ళాడు.

కాసేపటికి వాచ్‌మన్ తిరిగొచ్చేసరికి ఆమె తలుపు బార్లా తెరిచి కాచుకుని ఉంది.

"ఏమయ్యా, గేటు దగ్గర కునుకు తీస్తున్నావా? ఎవడు పడితే వాడు పైకొచ్చేస్తుంటే చూస్తూ ఊరుకుంటావా? పిల్లనెత్తుకుపోయేవాడిలా ఉన్నాడు! పైగా సార్ అంటూ మర్యాదలొకటి!"

"అంత మాటనకండమ్మా."

"ఏం, నీ చుట్టమా?"

వాచ్‌మన్ టోపీ తీసి చేతిలో నలుపుకున్నాడు. "చెప్పకూడదమ్మా. చెబితే ఉద్యోగం పీకేస్తానన్నారు ఓనరుగారు. ఇల్లు అద్దెకి పోదట."

"ఏం చెప్పకూడదు? నాకేమీ అర్థం కావడం లేదు."

వాచ్‌మన్ చూపు ఆమె భుజం మీదుగా లోపలికి వెళ్ళింది. పాప తనలో తాను నవ్వుకుంటూ బాల్కనీ వైపు నడుస్తోంది. అతను చెప్పులు కూడా విడవకుండా ఒక్క ఉరుకున లోపలికి వెళ్ళి, పాపని ఎత్తుకుని గుండెకి అదుముకున్నాడు.

"మీకంటే ముందు ఈ ఇంట్లో ఉన్నది ఆయనేనమ్మా" అన్నాడు. "వాళ్ళ పాప ఆ ఊచల సందులోంచే జారి కిందపడి చనిపోయింది."