పలక కక్కిన పులుసు

కాకినాడ ఇళ్లలో వంట వాసన పీల్చి చాలా ఏళ్లయింది. ప్రతి వంటింటి గోడకూ రాగి స్ఫటికాల పలక ఒకటి ఉంటుంది. అందులోని కంటికి కనబడని గూళ్లు ఏ వాసననైనా మింగేస్తాయి. ఆ గూళ్ల అమరికను కనిపెట్టిన రసాయన శాస్త్రవేత్త హెప్సిబా. వేడి తగిలితే పలక మింగినదంతా కక్కేస్తుందని వ్యాసం రాసిందీ ఆమే.

ఆ వ్యాసాన్ని శ్రద్ధగా చదివినవాడు లోకంలో ఒక్కడే, ఆమె ఉండే అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు సుందరరామయ్య. హెయిర్ డ్రయ్యర్ పట్టుకొచ్చి ఆమె పలకకు వేడి పెట్టాడు. ఎండుచేపల వాసన గుప్పుమంది.

"ఇది శాకాహారుల బిల్డింగమ్మా. నెలాఖరుకి ఖాళీ చేసేయండి."

హెప్సిబాకు ఒళ్లు మండింది. "మీ ఇల్లు కూడా చూద్దాం పదండి సార్."

"మూడు తరాలుగా గుడ్డు మొహం చూడని ఇల్లండి మాది!" అంటూ ఆయనే ముందు నడిచాడు.

హెప్సిబా డ్రయ్యర్ పెట్టగానే ఆయన వంటింటి పలకలోంచి మొదట ఇంగువ వాసన వచ్చింది. తర్వాత మామిడికాయ వేసిన చేపల పులుసు ఇల్లంతా కమ్మేసింది. సుందరరామయ్య భార్య వంక చూశాడు. ఆవిడ ఫ్యాను వంక చూసింది.

లోపలి నుంచి ఆయన తల్లి కర్ర పొడుచుకుంటూ వచ్చి, కళ్లు మూసుకుని గాలి పీల్చింది.

"అమ్మా, నువ్వా?"

"నువ్వు మీటింగులకెళ్లినప్పుడేరా. ఈ పిల్లని ఖాళీ చేయిస్తే నేనూ దాంతోనే పోతాను."

ఆయన డ్రయ్యర్ వైరు పీకబోతే కర్ర అడ్డం పెట్టింది.

"ఇంకాస్త వేడి పట్టమ్మా. అడుగున రొయ్యలుండాలి."