చెంగయ్య అడిగిన రుజువు

చెంగయ్య అనే కప్ప పొద్దుటినుంచీ చెరువు గట్టు మీద మొండికేసి కూర్చున్నాడు. ఎండ చుర్రుమంటోంది. వీపు తోలు ఎండి బిగుసుకుపోతోంది.

"ఏమయ్యా, నీళ్ళలోకి దూకవూ?" అంది పెళ్ళాం బుల్లెమ్మ.

"నిన్నటిదాకా నీళ్ళు తడిపాయి, నిజమే. ఇవాళా తడుపుతాయని హామీ ఏది? రాయిలా గట్టిపడి ఉండొచ్చు. నిప్పులా కాల్చొచ్చు. రుజువు చూపించు, దూకుతా."

"మీ నాన్న దూకాడు, మీ తాత దూకాడు."

"వాళ్ళ నీళ్ళు వేరు."

బుల్లెమ్మకి ఒళ్ళు మండి, తనే దూకి, తడిసిన ముఖం పైకెత్తి చూపించింది.

"అది నీకు. అదీ ఇందాక," అన్నాడు చెంగయ్య, వీపు గోక్కుంటూ.

అంతలో పొదలోంచి జెర్రిపోతు వచ్చింది. చెంగయ్య బెదరలేదు.

"కనపడ్డ కప్పనల్లా మింగావు, ఒప్పుకుంటా. అంతమాత్రాన నన్నూ మింగుతావని ఏముంది?"

జెర్రిపోతు ఆగిపోయింది. తిండి దగ్గర ఇలాంటి మాట దానితో ఇంతవరకూ ఎవరూ అనలేదు. కాసేపు ఆలోచించింది.

"నిజమే సుమా! నోట్లో వేసుకుంటేగానీ తెలీదు," అని దగ్గరికి జరిగి నోరు తెరిచింది.

బుడుంగుమంది. గట్టు మీద చెంగయ్య లేడు.

చెరువు మధ్యలో తామరాకుల కిందనుంచి తల పైకెత్తి, "చూశావా! ఇప్పటిదాకా జరిగిందే మళ్ళీ జరగాలని లేదని చెప్పలా?" అని పాము మీద అరిచాడు.

"మరి నీళ్ళో?" అంది బుల్లెమ్మ.

చెంగయ్య ముఖం తుడుచుకున్నాడు.

"ఇవాళ్టికి తడిపాయి. రేపటి సంగతి, మళ్ళీ పామొస్తేగానీ చెప్పలేను."