రవికగుడ్డ మూలశోధన

ఇంటికొచ్చిన ముత్తైదువను బొట్టు పెట్టి, రవికగుడ్డతో సాగనంపడం రాజ్యాలు కూలినా కూలని ధర్మం. ఆరోగ్య సేవాసంస్థ కార్యకర్త మాత్రం రోగి ఇంట పూచికపుల్ల పుచ్చుకున్నా ఉద్వాసనే. అందుకే, మాణిక్యమ్మకు రోజూ ఇన్సులిన్ ఇచ్చే వకుళ చేతిలో గుడ్డ పడగానే, కానుకల్ని పసిగట్టేందుకు సంస్థ ఆమె మెడలో వేసిన నీతిబిళ్ల ఎర్రబడి గర్జించింది:

“కానుక! మూలం శోధిస్తున్నాను.”

“వెనక్కి తీసుకోండి పిన్నిగారూ! నన్ను తీసేస్తే రేపు మీకు సూది ఎవరేస్తారు?”

“పెట్టింది వెనక్కి పుచ్చుకుంటానా? చచ్చినా పుచ్చుకోను,” మాణిక్యమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. “ఆ బిళ్లక్కూడా ఓ గుడ్డ పెడతా, నోరు మూసుకుంటుందేమో!”

గుడ్డ దాటి వచ్చిన చేతులన్నిటినీ వెతుక్కుంటూ వెనక్కి వెళ్లిన బిళ్ల చప్పున చల్లారింది.

ఊరంతా తిరిగినా ఎవరూ కుట్టించుకోని ఆ గుడ్డను మొట్టమొదట పంచిపెట్టింది, నీతిబిళ్లల ఆవిష్కరణ సభలో, ఆ సంస్థే.