రోజుకు రెండొందల సార్లు

"నిజం చెప్పండి బాబాయ్, ఈ పిస్టల్‌తో ఎన్ని తూటాలు కాల్చారు?"

తుపాకులు బాగుచేసే ఆమె బల్ల మీద రెండు స్ప్రింగులు పక్కపక్కన పెట్టింది. ఒకటి కొలతకు ఉంచుకున్న కొత్తది. రెండోది బ్యాంకు గార్డు పిస్టల్‌లోంచి అప్పుడే తీసింది. అది కొత్తదాని కంటే బొటనవేలి వెడల్పంత పొట్టిగా ఉంది.

"ఏడాదికి పది. పరీక్ష రోజున, అధికారి ఎదురుగా," అన్నాడు గార్డు.

"మీరు పది అంటున్నారు. ఇది వేలకు వేలంటోంది. కాల్చిన ప్రతిసారీ ఇది నలిగి లేస్తుంది. ఇంత పొట్టిదయ్యిందంటే మార్చాల్సిన టైము ఎప్పుడో దాటిపోయింది. ఎక్కడ కాల్చారు?"

గార్డు నేలచూపులు చూశాడు.

ఆమె పిస్టల్ గొట్టాన్ని లైటుకెదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూసింది. తుడిచి మళ్లీ చూసింది. లోపల ఎక్కడా అరుగుదల లేదు. నిగనిగలాడుతోంది. గొట్టం పడుచుది, స్ప్రింగ్ ముసలిది. ఇదెలా కుదురుతుంది?

"కాల్చలేదమ్మా, లాగాను," అన్నాడు గార్డు మెల్లగా. "నిరుడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి చచ్చుబడింది. బ్యాంకులో చెప్పలేదు. డాక్టరు రబ్బరు బంతి నొక్కమన్నాడు. బంతి నొక్కితే ఉద్యోగం నిలబడుతుందా? ఖాళీ పిస్టల్ పైనున్న స్లయిడ్‌ని వెనక్కి లాగడం మొదలెట్టాను. డ్యూటీ ఎక్కే ముందు వంద, దిగాక వంద. మొదట్లో వేలెడు కూడా కదల్లేదు. ఇప్పుడు వెన్నలా వస్తోంది."

"కాల్చినా, లాగినా నలిగేది ఈ స్ప్రింగే," అంది ఆమె. గార్డు బల్ల మీది స్ప్రింగుల వంక చూశాడు. మొహం పాలిపోయింది.

"అంటే... బాగుపడింది నా చెయ్యి కాదా? స్ప్రింగే నీరసించిందా?"

ఆమె సొరుగులోంచి ఒక ప్యాకెట్టు తీసి, అందులోని స్ప్రింగ్ బిగించి, ఖాళీ పిస్టల్ అతని చేతికిచ్చింది. "లాగి చూడండి."

మొదటిసారి కదల్లేదు. రెండోసారి సగం వచ్చి జారిపోయింది. మూడోసారి పళ్లు బిగబట్టి, మెడ నరాలు ఉబ్బేలా లాగితే చివరిదాకా వచ్చింది. గార్డు కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంత యాతన పడేవాణ్ణి ఎవరుంచుకుంటారు? పనికిరాడని రాసెయ్యమ్మా."

పిస్టల్‌తో పాటు బ్యాంకు పంపిన ఫారాన్ని ఆమె ముందుకు లాక్కుంది. స్ప్రింగ్ నంబరు కోసం ప్యాకెట్టు తిప్పి చూసి, పెన్ను కింద పెట్టేసింది.

"పిస్టల్ ఇలా ఇవ్వండి బాబాయ్. తొందర్లో దీనికన్నా బాగా గట్టి స్ప్రింగ్ వేశాను. ఇది లాగలేకే పోయిన వారం ఇద్దరు కుర్రాళ్లు తిరిగిచ్చేశారు."